పదును తక్కువైనా... ఎక్కువైనా!

కర్నూలు, కడప పల్లెల్లో వేరుసెనగ వేసిన రైతును అడగండి. పదును లేకపోతే మొలక మాడిపోతుందంటాడు. వాన తెరిపివ్వకపోతే కలుపు చేనును మింగేస్తుందంటాడు. మన ఒంట్లోనూ అచ్చం ఇలాంటి సేద్యమే సాగుతోంది!

రోగక్రిములతో పోరాడే యాంటీబాడీలు ‘బి కణాల’ వల్లే తయారవుతాయి. ఇవి ఎముక మజ్జలో పుడతాయి. పుట్టినంత మాత్రాన నిలుస్తాయన్న భరోసా లేదు. ‘బతుకు’ అన్న సంకేతం వాటికి నిత్యం అందాల్సిందే. ఆ సంకేతాన్ని మోసుకొచ్చే ప్రొటీనే ‘బాఫ్’. 1999లో దాని గుట్టు బయటపడింది. బి కణం మీద దాన్ని అందుకునే గ్రాహకం ‘బాఫ్-ఆర్’ను 2001లో కనుగొన్నారు. బాఫ్ నేలలోని పదునైతే, ఈ గ్రాహకం వేరన్నమాట.

వేరే లేకపోతే? ఇద్దరు తోబుట్టువుల్లో ఈ గ్రాహకం జన్యువులో 24 అక్షరాలు గల్లంతైనట్టు 2009లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. వాళ్ల ఒంట్లో బి కణాలు బాగా తగ్గిపోయాయి. కొన్నిరకాల యాంటీబాడీలూ పడిపోయాయి.

మరి పదును ఎక్కువైతే? కలుపులాంటి కణాలూ బతికిపోతాయి. సొంత ఒంటి మీదే దాడికి దిగుతాయి. చాలామంది లూపస్ రోగుల్లో బాఫ్ ఎక్కువగా కనిపించడం ఇందుకే ముఖ్యం. ఈ జబ్బు పడేవారిలో పదింట తొమ్మిది మంది ఆడవాళ్లే!

ఇటలీలోని సార్డీనియా దీవిలో బాఫ్‌ను పెంచే జన్యు మార్పును 2017లో గుర్తించారు. అది ఉన్నవారికి లూపస్ ముప్పు ఎక్కువ. ఒకప్పుడు మలేరియా నుంచి కాపాడినందుకే అది అక్కడ నిలిచి ఉంటుందన్నది శాస్త్రవేత్తల ఊహ. విచిత్రం ఏమిటంటే, లూపస్‌కు నేటికీ ప్రధానమైన మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా మలేరియా మందే! బాఫ్‌ను నేరుగా అడ్డుకునే బెలిముమాబ్‌కు అమెరికాలో 2011లో అనుమతి లభించింది.

మన సీమకు ఇదెందుకంటారా? లూపస్‌కు ఎండ పడదు. ఇక్కడేమో నలభై డిగ్రీల ఎండలు. కలుపు తీసే ఆడవాళ్లు బుగ్గల మీది ఎర్రమచ్చలను ‘ఎండకు కందింది’ అనో, ‘మంగు’ అనో వదిలేసే ప్రమాదం ఉంది. మచ్చలతోపాటు కీళ్లనొప్పులు, విడవని జ్వరం, కాళ్లవాపు ఉంటే ఆలస్యం చేయొద్దు. కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చూపించుకోండి. మూత్ర పరీక్ష తప్పనిసరి... మూత్రపిండాలు దెబ్బతింటున్నా నొప్పి తెలియకపోవచ్చు.

కలుపును మొలకలోనే చూసినవాడే చేనును దక్కించుకుంటాడు. ఒంటికీ అదే సూత్రం!