దేర్ ఈజా? దేర్ ఆరా?

నేను అమెరికాలో ఎమ్మెస్ పూర్తి చేసి ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది సంగతి ఇది. మా మేనేజరు మీటింగుల్లో "దేర్స్ టూ మోర్ బగ్స్" అనడం రోజూ వినేవాణ్ణి. చిన్నప్పుడు చదివిన గ్రామరు ప్రకారం అది తప్పు కదా అనిపించేది. కానీ అమెరికావాడే అంటుంటే మనదేం పోయిందని నేనూ అలవాటు చేసుకున్నాను.

ఒకరోజు క్లయింటుకి పంపాల్సిన రిపోర్టులో "దేర్స్ త్రీ ఓపెన్ ఇష్యూస్" అని రాశాను. ఆ మేనేజరే దాన్ని ఎర్రరంగులో "దేర్ ఆర్" అని దిద్ది వెనక్కి పంపాడు! నోటితో అంటే ఒప్పయినది రాస్తే తప్పెలా అయిందో నాకు బోధపడలేదు.

తర్వాత ఆలోచిస్తే విషయం తేలికే. మాట్లాడేటప్పుడు వాక్యం మొదలుపెట్టే సమయానికి, వెనకాల వచ్చే మాట ఏకవచనమో బహువచనమో ఇంకా తేల్చుకుని ఉండం. పైగా "దేర్ ఆర్" కంటే "దేర్స్" నాలుకకి సులువు. అందుకే బాగా చదువుకున్నవాళ్ళు కూడా మాటల్లో దాన్ని ఒకే ముక్కగా వాడేస్తారు. రాసేటప్పుడు సరిచూసుకునే వ్యవధి ఉంటుంది కాబట్టి ఆ వెసులుబాటు లేదు.

మన తెలుగులో మాత్రం లేవా ఇలాంటివి? "టిఫినుకి ఇరవై డాలర్లు అయింది" అంటాం. డాలర్లు బహువచనమే అయినా మొత్తాన్ని ఒక్కటిగా లెక్కేస్తాం. ఇంగ్లీషులోనూ "ట్వెంటీ డాలర్స్ ఈజ్ ఎనఫ్" అన్నదే సరి, రాతలో కూడా.

"నాన్నగారు వచ్చారు" అన్నప్పుడు వచ్చింది ఒక్కరే, క్రియ మాత్రం బహువచనం. ఇంగ్లీషు "యూ" కూడా ఒకప్పుడు మన "మీరు" లాంటిదే. మర్యాదకని ఒక్కరికీ వాడగా వాడగా, "నువ్వు"కి సాటివచ్చే "దౌ" మూలపడింది. అందుకే ఒక్క మనిషినైనా "యూ ఆర్" అంటాం. 18వ శతాబ్దంలో ఒక్కరినుద్దేశించి "యూ వాజ్" అనేవారూ ఉండేవారు. 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో దాన్ని తప్పుపట్టాడు.

ఇక ఈమెయిళ్ళలో మనవాళ్ళం జారే చోట్లు కొన్ని:

"ది లిస్ట్ ఆఫ్ బగ్స్ ఆర్ అటాచ్డ్" - ఇక్కడ కర్త లిస్టు, బగ్స్ కాదు. కాబట్టి "ఈజ్" రావాలి.

"వన్ ఆఫ్ మై ఫ్రెండ్ ఈజ్" - "ఫ్రెండ్స్" అనాలి. క్రియ మాత్రం "ఈజ్" గానే ఉంటుంది.

"టీమ్" - అమెరికాలో "ఈజ్" రాస్తారు. బ్రిటన్‌లో "ఆర్" కూడా చెల్లుతుంది.

మనల్ని ఎన్నడూ చూడని క్లయింటుకి మన రాతే మన ముఖం. ఇప్పుడు మీటింగుల్లో నేను కూడా హాయిగా "దేర్స్" అంటాను. ఈమెయిల్ పంపే ముందు మాత్రం ప్రతి క్రియనీ ఆపి "నీ కర్త ఎవరు?" అని ఒక్కసారి అడుగుతాను.