తండ్రి వయసుతో మన గుండెను కొలవవద్దు

"మా నాన్నగారు నలభై రెండేళ్లకే గుండెపోటుతో పోయారు. మాకూ అంతే రాసిపెట్టి ఉంది" అనే మాట కొన్ని కుటుంబాలలో తరచూ వింటూ ఉంటాం. అదే ఇంట్లో మరొకరు, "నాది అమ్మ పోలిక. సన్నగా ఉన్నాను, నూనె వస్తువులు ముట్టను. నాకేం కాదు" అంటారు. ఒకరిది నిరాశ, మరొకరిది ధీమా. రక్తపరీక్ష చేయించకుండానే తీర్పు చెప్పుకోవడం ఇద్దరి పొరపాటు.

వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్ సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఉంటుందని వైద్యుల అంచనా. రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను కాలేయం తొలగిస్తూ ఉండాలి. జన్యులోపం ఉన్నవారిలో ఆ పని సరిగా సాగదు. ఈ సంగతిని బయటపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలకు 1985లో నోబెల్ బహుమతి లభించింది. లోపం పుట్టుకతోనే వస్తుంది కనుక సన్నగా ఉన్నవారికీ, మితంగా తినేవారికీ మినహాయింపు లేదు. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే, ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. ముఖం పోలికతో దీనికి సంబంధం లేదు.

గుండెజబ్బు మగవారిదేనని మన ఇళ్లలో ఆడవారు అనుకోవడం మరో ప్రమాదం. చికిత్స లేకపోతే ఈ లోపమున్న పురుషులలో దాదాపు సగం మందికి 50 ఏళ్లలోపు, స్త్రీలలో సుమారు 30 శాతం మందికి 60 ఏళ్లలోపు గుండెజబ్బు వస్తుంది. తల్లిదండ్రులిద్దరిలోనూ లోపం ఉంటే, రెండు వైపుల నుంచీ అది సంక్రమించిన బిడ్డకు చిన్నతనంలోనే గుండెపోటు రావచ్చు. దగ్గరి బంధువులను పెళ్లాడే కుటుంబాలు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

అలాగని నిరాశకు కారణం లేదు. కొలెస్ట్రాల్‌ను తగ్గించే స్టాటిన్ మందులు 1987 నుంచి వాడుకలోకి వచ్చాయి. అంతకుముందు పోయిన పెద్దలకు ఆ అవకాశం దక్కలేదు. మందును చిన్న వయసులోనే ప్రారంభించి, జీవితాంతం వాడేవారిలో ముప్పు ఎంతో తగ్గుతుంది. నొప్పి లేదు కదా అని మధ్యలో మానేయడమే అసలు చిక్కు. కొలెస్ట్రాల్ నొప్పి పుట్టించదు, మౌనంగా రక్తనాళాలలో పేరుకుంటుంది.

కనుక ఇంట్లో ఒకరికి ఈ లోపం ఉన్నదని తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు అందరూ పరీక్ష చేయించుకోవాలి. చిన్న వయసులో గుండెపోటుతో పోయినవారు మన వంశంలో ఎవరైనా ఉన్నారేమో పెద్దలను నేడే అడిగి తెలుసుకుందాం. ఆ వివరం వైద్యునికి చెబుదాం.