భుజం కండలో కొవ్వు లెక్క

భుజం ఎంఆర్ఐ తీయించుకున్నవాళ్లు రేడియాలజిస్టునైన నన్ను అడిగేది ఒకటే: "డాక్టరు గారూ, ఏమైనా తెగిందా?" తెగిన టెండన్ (కండను ఎముకకు కలిపే పట్టీ) వెనకున్న కండ ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగరు. సర్జన్ దాన్ని కూడా చూస్తారు.

భుజం కీలు చుట్టూ సుప్రాస్పినేటస్, ఇన్‌ఫ్రాస్పినేటస్, సబ్‌స్కాపులారిస్, టెరీస్ మైనర్ అని నాలుగు కండరాలు ఉంటాయి. టెండన్లతో సహా వీటిని రొటేటర్ కఫ్ అంటాం. అటక మీది సామాను అందుకోవాలన్నా, గోడకు సున్నం వేయాలన్నా ఇవి సాయం పట్టాల్సిందే. టెండన్ తెగినా పట్టించుకోకుండా నెలల తరబడి వదిలేస్తే కండ చిక్కిపోయి, లోపల కొవ్వు చేరుతుంది. తెగినదాన్ని కుట్టొచ్చు. చేరిన కొవ్వు మాత్రం చాలావరకు అలాగే ఉండిపోతుంది. అది ఎక్కువైతే కుట్టు నిలవడమూ కష్టమే.

ఈ కొవ్వుకు ఫ్రెంచి సర్జన్ గుటాలియే 1994లో సీటీ చిత్రాలు చూసి 0 నుంచి 4 దాకా గ్రేడ్లు పెట్టాడు. కండా కొవ్వూ సమానమైతే 3, కొవ్వు మించితే 4. చిక్కల్లా, అది కంటి అంచనా. నేను 2 అన్న భుజాన్నే పక్క గదిలోని డాక్టరు 3 అంటారు. ఆపరేషన్ చేయాలా వద్దా అని తేల్చుకునేది సరిగ్గా ఆ తేడా దగ్గరే.

డీప్ లెర్నింగ్ పనికొచ్చేది ఇక్కడ. నిపుణులు చేత్తో కండ అంచులు గీసిన స్కాన్లను కంప్యూటర్‌కు ఇస్తారు. తను గీసింది వాళ్ల గీతతో కలవనప్పుడల్లా లోపలి లెక్కలు సవరించుకుంటూ అది నేర్చుకుంటుంది. ఇలాంటి పనికి ఎక్కువగా వాడే యూ-నెట్ అనే నమూనాను 2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలో తయారుచేశారు.

స్విట్జర్లాండ్ పరిశోధకులు 2021లో ప్రచురించిన పని నాకు మరీ నచ్చింది. ఉన్న కండ చుట్టూ గీత గీస్తే పోయినదెంతో ఎలా తెలుస్తుంది? అందుకని, చిక్కిపోకముందు కండ ఎంతమేర ఉండేదో ఆ హద్దునే గీయడం కంప్యూటర్‌కు నేర్పారు. ఇక మిగిలింది లెక్కే. సీటీలో నీటి విలువ సున్నా, కండ దానికి ఎగువన, కొవ్వు దిగువన ఉంటాయి. ఆ హద్దులో ఏది ఎంతుందో విడదీస్తే తరుగెంతో, కొవ్వెంతో అంకెల్లో వస్తుంది.

అలాగని యంత్రాన్ని గుడ్డిగా నమ్మను. వాళ్లు తీసుకున్నవి కీలు అరిగినవాళ్ల సీటీలు. వేరే జబ్బుకో, వేరే స్కానర్‌కో అదే ఫలితం వస్తుందో లేదో విడిగా పరీక్షించాలి. పైగా టెండన్ తెగితే కండ లోపలికి ముడుచుకుపోతుంది. అప్పుడు ఒకే ఒక్క ముక్క చిత్రాన్ని కొలిస్తే కండ ఉన్నదానికంటే ఎక్కువ చిక్కిపోయినట్టు కనిపిస్తుంది. కండ మొత్తాన్నీ కొలిచే పద్ధతులే మేలని నా అభిప్రాయం.

మీరు చేయాల్సింది ఒకటుంది. స్కాన్ సెంటర్లో ఫిల్ములతో సరిపెట్టుకోకుండా సీడీ కూడా అడిగి తీసుకుని దాచుకోండి. కొన్నాళ్ల తర్వాత కండ ఎంత తగ్గిందో కంప్యూటర్‌తో పోల్చి చూడాలంటే ఆ ఫైళ్లే కావాలి.