కాళ్ళపై నీలిసిరలు – పైపూత రంగులు



దేహభారమంతయు మోయునవి కాళ్ళు. అయినను ముఖమునకును కేశములకును మనము చూపు శ్రద్ధలో పదియవ వంతైన కాళ్ళకు చూపము. పసుపు రాచికొని, మట్టెలు సవరించుకొని, పాదములవఱకే చూచి తృప్తి పడుదుము. నడివయస్సున నొకనాడు స్నానము చేయుచుండగా మోకాలి వెనుకనో పిక్కమీదనో నీలపుగీతలు సాలెగూటివలె అల్లుకొని యుండుట కంటబడును. కొందఱికి అవి త్రాళ్ళవలె మెలికలు తిరిగి చర్మముపైకి ఉబికి వచ్చును. "నరములు తేలినవి" అని పెద్దలందురు. అప్పుడు మనస్సున మొదట కలుగునది భయము కాదు, సిగ్గు. దీని నెట్లు దాచుట యను ప్రశ్న ముందు పుట్టును. ఇది యేల వచ్చినదను ప్రశ్న తరువాత పుట్టును. ఈ రెండు ప్రశ్నల వరుస మార్చవలెనని చెప్పుటకే యీ వ్యాసము.

లోకవ్యవహారమున నరములందుము గాని యివి నరములు కావు. రక్తమును హృదయమునకు మరల గొనిపోవు సిరలు. మన పూర్వులు వీని నెఱుగనివారు కారు. సుశ్రుతసంహిత నిదానస్థానమున గ్రంథులను వర్ణించుచోట సిరలయందు పుట్టు గ్రంథి వేఱుగ పేర్కొనబడినది. బలహీనుడైనవాడు మితిమీరి శ్రమించుట దానికి కారణముగా నచ్చట చెప్పబడినది.

పాదములనుండి రక్తము పైకి ఎక్కవలెనన్న భూమ్యాకర్షణమున కెదురు పోవలెను. నడచునప్పుడు పిక్కకండరములు ముడుచుకొని సిరలను పిండి రక్తమును పైకి త్రోయును. పైకి పోయినది క్రిందికి జాఱకుండ సిరలలోపల చిన్న తలుపులవంటి కవాటములు గలవు. ఇటలీదేశమున పాదువా నగరమందలి ఫాబ్రిషియస్ అను శరీరశాస్త్రాచార్యుడు 1603లో వీనిని చిత్రములతో వర్ణించి గ్రంథము ప్రకటించెను. ఆయన శిష్యుడగు విలియం హార్వే యను ఆంగ్లవైద్యుడు 1628లో రక్తప్రసరణమును నిరూపించినపుడు ఈ కవాటములే యతనికి గొప్ప సాక్ష్యమయ్యెను. ఈ తలుపులు సడలినచో పైకి పోవలసిన రక్తము క్రిందనే నిలిచి సిరలను సాగదీయును. సన్నని సిరలు నీలముగ, ఎఱ్ఱగ కనబడును. పెద్ద సిరలు ఉబ్బి వంకరలు పోవును.

వైద్యులు వీనిని వెడల్పునుబట్టి విభజింతురు. 1 మిల్లీమీటరుకంటె సన్నని సాలెగూటి గీతలు ఒక తరగతి. 1 మొదలు 3 మిల్లీమీటర్లలోపు నీలిసిరలు రెండవ తరగతి. నిలుచున్నపుడు 3 మిల్లీమీటర్లును అంతకు మించియు ఉబ్బునవి మూడవ తరగతి. వేరికోస్ వీన్స్ అని పిలువబడునవి యివియే. వంశపారంపర్యము, వయస్సు, పలుమాఱు గర్భము ధరించుట, స్థూలకాయము, గంటలకొలది నిలుచుండు పని, ఇవి దీనికి తోడ్పడును.

చీర కట్టుకొను మనకు పాదములే గాని కాళ్ళు బయటకు కనబడవు. మోకాళ్ళవఱకే వస్త్రము ధరించు పాశ్చాత్యదేశములలో ఈ సిరలు స్త్రీలకు పెద్ద చింత. ఆ దేశములలో స్థిరపడిన మన తెలుగు ఆడపడుచులకును, ఇచ్చట పొట్టిదుస్తులు ధరించు కన్యలకును అదే చింత యిప్పుడు సంక్రమించినది. అందుచే "సెల్ఫ్ ట్యానర్" అను పైపూత పేరు మన యిండ్లలోను వినబడుచున్నది. ఎండలో కూర్చుండకయే తెల్లని చర్మమునకు గోధుమవన్నె కలిగించు ద్రవ్యమిది. ఇచ్చట నలుపును తెలుపు చేయుదుమని ప్రకటించు లేపములు అమ్ముడుపోవుచుండగా అచ్చట తెలుపును గోధుమవన్నె చేయు లేపములు అమ్ముడుపోవుట చూచిన, ఉన్న రంగుతో తృప్తి పడకపోవుట యే దేశమునకును కొత్త కాదని తోచును.

కాళ్ళకు రంగు పూయు నలవాటు ఆ దేశములలో యుద్ధకాలమున ప్రబలినది. అమెరికాలో 1940వ సంవత్సరము మే నెలలో నైలాను మేజోళ్ళు దేశమంతట విక్రయమునకు వచ్చెను. 1942 నాటికి ఆ నూలంతయు పారాచూటుల కొఱకును, ఇతర యుద్ధసామగ్రి కొఱకును మరలింపబడెను. మేజోళ్ళు దొరకని స్త్రీలు సీసాలలో అమ్ము రంగునీటిని కాళ్ళకు పూసికొని, వెనుకభాగమున కుట్టువలె కనబడుటకు పెన్సిలుతో నిలువుగీత గీచుకొనిరి. నీళ్ళు తగిలిన ఆ రంగు కరగిపోవును, బట్టలకు నంటుకొనును.

నేటి పూత అట్టిది కాదు. దాని మూలద్రవ్యము డైహైడ్రాక్సీ అసిటోన్ అను చక్కెరజాతి పదార్థము. అది చర్మమునకు రంగు నిచ్చునని తెలిసినది ఔషధ పరిశోధనమునందే. 1950వ దశకమున అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయమున ఈవా విట్గెన్‌స్టైన్ అను విదుషి ఒక అరుదైన జీవక్రియావ్యాధిగల శిశువులకు ఈ ద్రవ్యమును త్రాగించి పరిశీలించుచుండెను. శిశువులు కక్కినపుడు చర్మముపై పడినచోట్ల కొన్ని గంటలకు గోధుమవన్నె మచ్చలు తేలుటయు, బట్టలకు మచ్చ పడకుండుటయు ఆమె గమనించెను. తన చర్మముపైననే పరీక్షించి చూచి, తోడి పరిశోధకురాలితో గూడి 1960లో ఆ విషయమును ప్రకటించెను. ఆ కాలముననే ఇట్టి లేపములు అంగళ్ళకు వచ్చెను.

ఇది పనిచేయు విధము వంటయింటి స్త్రీలకు సులభముగ బోధపడును. చర్మము పైపొరలోని మృతకణములయందు మాంసకృత్తుల భాగములగు అమైనో ఆమ్లములు గలవు. ఈ చక్కెరజాతి పదార్థము వానితో కలిసినపుడు గోధుమరంగు పదార్థ మేర్పడును. పాలు మరగి మరగి కోవా యగునప్పుడు వచ్చు వన్నెయు, దిబ్బరొట్టె అడుగున పట్టు ఎఱుపును ఈ జాతికి చెందిన మార్పులే. ఫ్రెంచి రసాయనవేత్త మయ్యార్ 1912లో దీనిని వర్ణించెను. రంగు కొన్ని గంటలలో తేలి, ఒక దినములో పూర్తిగ పట్టును. చర్మము పైపొర సహజముగ రాలిపోవుచుండును గనుక అయిదాఱు దినములకు, గట్టిగ నిలిచిన వారమునకు కొంచెము పైగా, అది వెలిసిపోవును.

కావున దాని శక్తియు, పరిమితియు ఇచ్చటనే తెలియుచున్నవి. సిర యుండునది లోపల. రంగు పట్టునది పైపొరకు. తెల్లని చర్మముపై సన్నని నీలిగీతలు కొట్టవచ్చినట్లు కనబడునది చర్మమునకును సిరకును గల వర్ణభేదముచేత. చుట్టును ముదురుచేసిన నా భేదము తగ్గి గీతలు మఱుగుపడును. ఉబికి వచ్చిన సిర నీడను ఏ రంగును మాన్పలేదు. మనవంటి చామనచాయ చర్మములపై సన్నగీతలు సహజముగనే తక్కువగ తోచును. గాఢమైన పూత పూసినచో నారింజపండువంటి వన్నె వచ్చి లోపము దాగుటకు బదులు నలుగురి కంట బడును.

వాడదలచినవారు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. ముందుదినము మోచేతి మడతయం దొక చుక్క రాచి దురద, దద్దురు రాకుండుట చూచుకొనవలెను. కాళ్ళను మెత్తని గుడ్డతో రుద్ది కడిగి, తడి యార్చవలెను. మోకాళ్ళు, మడమలు, చీలమండలు మందమగు చర్మము గలవి గనుక అధికముగ రంగు పట్టును. అచ్చట ముందుగ కొంచెము తైలలేపము రాచి, పూతను పలుచగ పూయవలెను. పిమ్మట అరచేతులు కడుగుకొననిచో అవియు రంగెక్కును. గాయములు, చెమ్మ యూరు చర్మము ఉన్నచోట దీనిని తాకింపరాదు. పిచికారిగ కొట్టించుకొనువారు కన్నులు, పెదవులు, ముక్కు కప్పుకొనవలెను. అమెరికా ప్రభుత్వశాఖ దీనిని దేహముపై పూతకే అంగీకరించినది గాని పీల్చుటకు కాదు. ఐరోపా సమాఖ్య 2021లో ఇట్టి లేపములలో ఈ ద్రవ్యము నూటికి 10 పాళ్ళు మించరాదని నియమించినది. ఎండనుండి ఈ రంగు రక్షింపదనియు గుర్తుంచుకొనవలెను.

అలంకారము నేరమని మా యభిప్రాయము కాదు. కాటుక దిద్దుకొను మనము కాలికి రంగు పూయువారిని పరిహసింప తగదు. మా భయ మంతయు వేఱొకటి. సిర లుబ్బిన కాలికి రోగము ముదురుచున్నదని చెప్పు మొదటి గురుతులలో నొకటి చర్మపు రంగే. నిలువయున్న రక్తమునుండి ఇనుము చర్మమున దిగి చీలమండ లోపలివైపున గోధుమ, నలుపు మచ్చలు పుట్టును. పిమ్మట దురద, పొలుసులు, చర్మము గట్టిపడుట, తుదకు మానని పుండు. చామనచాయ చర్మముపై నీ మార్పు తొలిదశలో అసలే తెలియుట కష్టము. దానిపై గోధుమరంగు పూసిన, వచ్చు శత్రువునకు మనమే తెఱ కట్టినట్లగును.

మా యెఱుకలోని యొక యిల్లాలు చీలమండ నల్లబడుటను మట్టి యనుకొని నిత్యము పీచుతో రుద్దుచుండెడిది. సాయంకాలము పాదములు వాచుటను వయస్సునకు అంటగట్టినది. కాలు ఎవరికి చూపుటకును సిగ్గు. ఒకనాడు మంచపుకోడు తగిలి చర్మము చిట్లినది. ఆ చిన్న గాయము పుండై మానుటకు తొమ్మిది నెలలు పట్టినది. ఆమె యే పూతయు పూయలేదు. సిగ్గే ఆమెకు పూత. పైన పటారము, లోన లొటారము అను సామెత దేహమునకు వర్తింపకుండ చూచుకొనుట మన చేతిలోని పని.

కనుక రంగు పూయుటకు ముందు కాలిని వెలుతురున చూడుడు. సాయంకాలమునకు బరువు, వాపు, రాత్రులందు పిక్క పట్టుట, చీలమండవద్ద రంగు మాఱుట, పుండు, వీనిలో ఏది యున్నను వైద్యునకు చూపవలెను. డాప్లర్ అను శబ్దతరంగ పరీక్షచే ఏ కవాటము చెడినదో నొప్పి లేకుండ తెలిసికొనవచ్చును. ఒక కాలు హఠాత్తుగ వాచి, వేడెక్కి, నొప్పి పుట్టినచో లోతు సిరలో రక్తము గడ్డకట్టి యుండవచ్చును. ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోయిన ప్రాణాపాయము; ఊపిరాడకపోవుటయు, ఛాతినొప్పియు తోడైనచో క్షణమైన జాగు చేయరాదు. ఉబ్బిన సిర చిట్లి రక్తము కాఱినపుడు వెంటనే పరుండి, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో గట్టిగ అదిమిపట్టి, ఆసుపత్రికి పోవలెను.

చికిత్స లేని రోగ మిది కాదు. సన్నని సిరలకు మందు సూదితో ఎక్కించి మూసివేయుదురు. పెద్దవానిని లోపలనుండి లేసరు వేడిమితోనో రేడియోతరంగముల వేడిమితోనో మూయుదురు, శస్త్రచికిత్సయు గలదు. బిగుతుమేజోళ్ళు బాధ నుపశమింప జేయును గాని సిరలను మాన్పవు. వానిని కొలత తీయించి, ఉదయము లేచిన వెంటనే వాపు రాకమునుపు తొడుగుకొనవలెను. మధుమేహము, ధమనులలో రక్తప్రసారలోపము గలవారు వైద్యు నడుగక తొడుగరాదు. గర్భిణీస్త్రీలకు ప్రసవానంతరము సిరలు తఱచు తగ్గును గనుక సాధారణముగ వేచియుందురు.

ఇక మూలకారణములలో మన చేతిలో నున్నది నిలుచుండు పని. మన అమ్మమ్మలు పీటపై కూర్చుండి వంట చేసిరి. నేడు గట్టుపై పొయ్యి పెట్టుకొని తెల్లవాఱినది మొదలు నిలుచుండియే వండుచున్నాము. బడిలో ఉపాధ్యాయినులు, ఆసుపత్రులలో నర్సులు, బట్టలకొట్లలో అమ్మకపు స్త్రీలు దినమంతయు నిలుచుందురు. కేరళదేశమున కోళికోడు నగరమందు పి. విజి యను కుట్టుపని వనిత "పెణ్‌కూట్టు" అను స్త్రీసంఘమును నడిపి, దుకాణములలో పనిచేయు స్త్రీలకు కూర్చుండు హక్కు కావలెనని పోరాడినది. తత్ఫలితముగ 2018లో కేరళ ప్రభుత్వము చట్టమును సవరించి, దుకాణములలో కూర్చుండుటకు ఆసనము లేర్పఱచవలెనని విధించినది. తమిళనాడు 2021లో అదే మార్గము త్రొక్కినది. ఒక పీట కొఱకు చట్టము కావలసివచ్చినదన్న, ఎందఱి కాళ్ళు ఎంత కాలము మౌనముగ బాధ సహించినవో ఊహింపుడు.

ఆ పీటను మన వంటయింటిలోను పెట్టుకొనుటకు చట్టమేల? కూరలు తఱుగునప్పుడు కూర్చుండుడు. నిలుచుండక తప్పనప్పుడు మునివ్రేళ్ళపై లేచి దిగుచు పిక్కలకు పని కల్పింపుడు. దినమున కొంత నడువుడు. మధ్యాహ్నము పావుగంట కాళ్ళక్రింద తలగడలు పెట్టి, గుండెకంటె ఎత్తున నుంచి పరుండుడు. ఇంటివారు దానిని సోమరితనమందురేమో. అది కాలికి జీతము. అత్తగారు కోడలికి, కోడలు అత్తగారికి ఆ పావుగంట విడిచి యిచ్చినచో ఏ లేపమునకంటెను అది మేలు.

ఆ పిమ్మట ఆరోగ్యముగనున్న కాలిపై సన్నని నీలిగీత లేవైన మిగిలి, వానిని రంగుతో కప్పవలెనని యే సోదరికైన తోచినచో సుఖముగ కప్పుకొనవచ్చును. అప్పుడది కేవలము అలంకారము. ముందు కాలిని చూడవలెను, తరువాత కాలికి పూయవలెను. ఈ వరుస తప్పకుండిన చాలును.