ఇత్తడి పిచికారీతో తొలి అడుగు

పొగబండి ఎక్కినవారికి ఆవిరి బలమేమిటో వేరే చెప్పనక్కరలేదు. ఊక మంటతో ఆవిరి ఇంజను నడిపి ధాన్యం ఆడించిన రైసుమిల్లులు పెద్దలకు గుర్తే. ఆ ఇంజన్లకు దారి చూపిన నమూనా మాత్రం చేతికందిన సామానుతో తయారైందని చాలామందికి తెలియదు.

దాన్ని చేసినవాడు జేమ్స్ వాట్. స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో శాస్త్ర పరికరాలు చేసి, బాగుచేసే పనివాడు. 1763లో న్యూకోమెన్ ఇంజను బొమ్మ ఒకటి అతని దగ్గరకు మరమ్మతుకు వచ్చింది. బాగుచేసినా అది కొద్దిసార్లు ఆడి ఆగిపోయేది. బాయిలరులోని ఆవిరి చాలేది కాదు.

లోపం ఎక్కడుందో వాట్ కనిపెట్టాడు. ఆ ఇంజనులో సిలిండరును ఆవిరితో నింపి, లోపలికి చన్నీళ్లు చిమ్ముతారు. ఆవిరి నీరైపోతుంది. లోపల ఖాళీ ఏర్పడి, బయటి గాలి బరువుకు పిస్టను కిందికి దిగుతుంది. కాని ప్రతిసారీ సిలిండరు కూడా చల్లారిపోతుంది. దాన్ని మళ్లీ వేడిచేయడానికే ఆవిరిలో చాలా భాగం ఖర్చు!

1765లో ఒక ఆదివారం మైదానంలో నడుస్తుండగా వాట్‌కు ఉపాయం తట్టింది. ఆవిరిని వేరే పాత్రలోకి లాగి అక్కడ చల్లారిస్తే సిలిండరు వేడి తగ్గదు కదా!

పరీక్షకు కొత్త సిలిండరు పోతపోయించలేదు. ఒకటిముప్పావు అంగుళం వ్యాసం, 10 అంగుళాల పొడవున్న ఇత్తడి పిచికారీ తీసుకుని రెండు చివరలా రేకు మూతలు అతికాడు. చల్లార్చడానికి సన్నని రేకు గొట్టాలు, గాలి తోడడానికి చిన్న పంపు అమర్చాడు. పిస్టను కాడకు వేలాడదీసిన 18 పౌన్ల బరువు, అంటే 8 కిలోలు, పైకి లేచింది.

1769లో పేటెంటు వచ్చింది. 1776 నాటికి పెద్ద ఇంజన్లు పనిలోకి దిగాయి. పాత ఇంజనుతో పోల్చి, ఆదా అయిన బొగ్గు ఖరీదులో మూడోవంతు వాట్, అతని భాగస్వామి బోల్టన్ ప్రతిఫలంగా తీసుకునేవారు.

మనమూ చేయవచ్చు

సైకిలు పంపు గొట్టం సిలిండరుగా, పాత కుట్టుమిషను చక్రం తిరుగుడు చక్రంగా పనికివస్తాయి. అయితే ఆవిరి జోలికి పోవద్దు. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. మూత బిగించిన డబ్బాలో కాస్తే బాంబులా పేలుతుంది. పంక్చరు షాపు గాలిని కొద్దికొద్దిగా వదిలినా పిస్టను ఆడుతుంది. పిల్లలు చేస్తుంటే పెద్దలు పక్కనుండాలి.