దేహస్మృతి - విస్మృతి

బ్రిటనుకు ఉత్తరమున, అట్లాంటిక్ మహాసముద్రములో, డెన్మార్కు రాజ్యమునకు చెందిన ఫారో దీవులు కలవు. 1846లో అచ్చట తట్టు వ్యాపించినది. మనలో కొందరు పొంగు అని పిలుచునది ఈ రోగమునే. దీవుల జనసంఖ్య 7,782. అయిదారు మాసములలో 6,000 మందికి పైగా మంచమెక్కిరి. రోగమును పరిశీలించుటకై ప్రభుత్వము పీటర్ పానుమ్ అను వైద్యుని పంపినది. ఆయనకు అప్పటికి 26 ఏండ్లయినను నిండలేదు.

సూక్ష్మజీవులే అంటురోగములకు కారణమను సంగతి ఇంకను స్థిరపడని కాలమది. పానుమ్ ఊరూరు తిరిగి, ఎవరికి ఎన్నడు రోగము సోకినదో వ్రాసికొనెను. అట్లు వ్రాయుచుండగా ఒక విశేషము బయటపడినది. ఆ దీవులకు అంతకుముందు తట్టు వచ్చినది 1781లో. ఆనాడు తట్టు పోసి బ్రదికిన వృద్ధులు పలువురు ఇంకను జీవించియుండిరి. వారిలో ఒక్కరికైనను ఈమారు రోగము రాలేదు. వార్ధక్యమే వారిని కాపాడినదందుమా, ఆనాడు తప్పించుకొన్న ముదుసలులకు ఇప్పుడు పోసినది. నడుమ 65 ఏండ్లు గడచినవి. కన్నబిడ్డల పేర్లే తడబడు వయస్సులో, పసినాటి పగవానిని నెత్తురు గుర్తుపట్టినది!

ఈ గుర్తు నిలుచు చోటేది? రక్తములోని తెల్లకణములలో కొన్ని, ఒకసారి ఎదిరించిన సూక్ష్మజీవి ఆనవాళ్లను పట్టుకొని ఏండ్ల తరబడి నిలిచియుండును. అది మరల వచ్చినచో వేగముగా వృద్ధిపొంది, యాంటీబాడీలనబడు ప్రతిరక్షకములను పుట్టించును. మరికొన్ని కణములు ఎముకల మూలుగలో కాపురముండి, వాటిని ఎడతెగక స్రవించును. టీకా యనగా మూలమునకు వ్యాఖ్యానమని నావంటి తెలుగు ఉపాధ్యాయుడు వెంటనే అనుకొనును. వైద్యుల టీకాయు అట్టిదే. మూలము ఎదురుకాకముందే దాని అర్థము చెప్పిపెట్టును.

ఇంతటి స్మృతిని చెరపగల రోగమొకటి కలదు. విచిత్రమేమన, అదియు తట్టే. క్షయ సోకినట్లు చర్మపరీక్షలో తేలిన పిల్లలకు, తట్టు పోసిన దినములలో ఆ పరీక్ష ఫలించుట లేదని 1908లో వియన్నా వైద్యుడు ఫాన్ పిర్కే వెల్లడించెను. కారణము చాలకాలమునకు గాని తెలియలేదు. తట్టు వైరస్ లోనికి చొచ్చు ద్వారములలో ఒకటి ఆ జ్ఞాపకకణములపైననే యున్నది. ఊరిపై పడిన దొంగ మొదట కావలివాండ్ర ఇండ్లనే తగులబెట్టినట్లు!

2019లో వెలువడిన ఒక పరిశోధనలో, నెదర్లాండ్స్ దేశమున టీకా వేయించుకొనని 77 మంది పిల్లల రక్తమును తట్టుకు ముందును తరువాతను పోల్చిచూచిరి. ఇతర సూక్ష్మజీవులకు ఎదురుగా వారు ఆర్జించిన ప్రతిరక్షకములలో, బిడ్డనుబట్టి, 11 మొదలు 73 శాతము వరకు మాయమైనవి. టీకా పొందిన పిల్లలలో అట్టి నష్టము కానరాలేదు. తట్టు తన జ్ఞాపకమును మాత్రము జీవితాంతము మిగిల్చిపోవుననుటకు ఫారో వృద్ధులే సాక్షులు. తట్టు తగ్గినదని ఇంటిల్లిపాది ఊపిరి పీల్చుకొన్న పిమ్మట న్యుమోనియాతోనో విరేచనములతోనో బిడ్డ చేజారిపోయిన ఇండ్లు ఎన్ని లేవు! నీరసమువలన పోయినాడనుకొనెడివారు. ఆ నీరసములో ఈ మరపునకును భాగము కలదని నేడు తెలియుచున్నది.

దుష్యంతునకు ఉంగరము చూడగానే అంతయు స్ఫురించినది. ఈ బిడ్డలకు అట్టి ఉంగరము లేదు. పోయిన పాఠములను ఆ రోగములనే మరల ఎదుర్కొని నేర్చుకొనవలెను, లేదా టీకాలు మరల వేయించుకొనవలెను. మన దేశమున తట్టు టీకా 1985 నుండి సార్వత్రిక కార్యక్రమములో చేరియున్నది. మొదటి మోతాదు తొమ్మిది మాసములు నిండగానే, రెండవది పదునారు, ఇరువదినాలుగు మాసముల నడుమ వేయుదురు.