మనలి జనం – మత్తు మాన్పించే వైద్యం



సూళ్లూరుపేటలో తెల్లవారుజామున రైలెక్కితే తడ, ఆరంబాకం, గుమ్మిడిపూండి, పొన్నేరి, మీంజూరు దాటి ఎన్నూరు, తిరువొత్తియూరు వస్తాయి. మన సరిహద్దు ఊళ్ల నుంచి పనికి వెళ్లేవాళ్లకు ఈ పేర్లు కంఠతా వచ్చు. తిరువొత్తియూరులో దిగి పడమటి దిక్కుకు పోతే మనలి వస్తుంది. దూరం నుంచే పొగగొట్టాలు కనబడతాయి. సముద్రం అక్కడికి ఎంతో దూరం లేదు.

ఈ మనలి గురించి ఇవాళ రెండు సంగతులు ముచ్చటించుకుందాం. ఒకటి, అక్కడ ఉంటున్న జనం ఎవరు అన్నది. రెండు, తాగుడుకో మత్తుమందుకో బానిసైన మనిషిని ఆసుపత్రిలో ఉంచి ఎలా బాగుచేస్తారు అన్నది. ఈ రెండింటికీ ఏమిటి సంబంధం అని మీకు అనిపించవచ్చు. సంబంధం ఉంది. అదేమిటో చూద్దాం.

ఒకప్పుడు మనలి చుట్టూ పొలాలు, చెరువులు ఉండేవి. 1965లో మద్రాసు రిఫైనరీస్ సంస్థ ఏర్పడింది. 1969లో అక్కడ ముడిచమురు శుద్ధి మొదలైంది. ఆ సంస్థనే ఇప్పుడు చెన్నై పెట్రోలియం కార్పొరేషన్ అంటున్నారు. 1966లో మద్రాస్ ఫెర్టిలైజర్స్ ఎరువుల సంస్థ వచ్చింది. వాటి వెనుక పెట్రో రసాయనాల కర్మాగారాలు, లారీల షెడ్లు, గోదాములు వచ్చాయి. పని ఉన్నచోటికి మనిషి వస్తాడు. దక్షిణ జిల్లాల నుంచి తమిళులు వచ్చారు, మన వైపు నుంచి తెలుగువాళ్లు వెళ్లారు, తర్వాతి కాలంలో బీహారు, ఒడిశా, బెంగాలు నుంచి కూడా కూలీలు వచ్చారు.

తెలుగువాళ్లకు ఆ ప్రాంతం కొత్తదేమీ కాదు. మద్రాసు నుంచి ఎన్నూరు దాకా 1806లోనే కాలువ తవ్వారు. దానినే పొడిగిస్తూ పోయి చివరికి బకింగ్‌హాం కాలువ చేశారు. పులికాటు మీదుగా, నెల్లూరు జిల్లా తీరం వెంబడి ఆ కాలువలో పడవలు నడిచాయి. తిరువొత్తియూరు త్రిపురసుందరీ దేవి మీద త్యాగరాజస్వామి చేసిన అయిదు కీర్తనలూ తెలుగులోనే ఉన్నాయి. రాయపురం, తండయారుపేట, వాషర్మన్‌పేట వీధుల్లో ఈనాటికీ తెలుగు వినబడుతుంది. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడు మొత్తంలో తెలుగు తమ మాతృభాష అని చెప్పినవారు నూటికి ఆరుగురికి కొంచెం తక్కువ. అంటే 42 లక్షల పైచిలుకు.

అదే 2011 లెక్కల్లో మనలి పురపాలక సంఘం జనాభా సుమారు 35 వేలు. ఆ ఏడాది అక్టోబరులోనే మనలిని చెన్నై నగరపాలక సంస్థలో కలిపారు. 2018 దాకా తిరువళ్లూరు జిల్లాలో ఉన్న ఆ ప్రాంతం తర్వాత చెన్నై జిల్లాలోకి వచ్చింది. పేరుకు మహానగరమే. మనుగడ మటుకు చిన్న ఊరిదే. ఎవరు ఎవరి కొడుకో, ఎవరు ఏ వేళకు ఏ స్థితిలో ఇంటికి వస్తారో వీధి వీధికంతా తెలుసు.

జనాభా లెక్కల్లో ఆడవారెంతమంది, మగవారెంతమంది, ఇల్లు పెంకుటిల్లా మిద్దె ఇల్లా అని రాసుకుంటారు. ఆ ఇంట్లో జీతం రోజున పిల్లలు ఎందుకు తొందరగా ముసుగుతన్ని పడుకుంటారో ఎవరూ రాసుకోరు. వారం వారం కూలి చేతికి వచ్చే పని, రాత్రి షిఫ్టు, ఒళ్లు నొప్పులు, ఇంటికి దూరంగా ఒక గదిలో ఎనిమిదిమంది మగవాళ్ల కాపురం, వీధి చివర దుకాణం. ఇవన్నీ ఒకచోట చేరితే తాగుడు ఎక్కువవుతుంది. ఇది మనలి తప్పు కాదు. గుమ్మిడిపూండిలోనైనా, విశాఖలోనైనా, పటాన్‌చెరులోనైనా కర్మాగారాలున్న ప్రతిచోటా ఉన్న సంగతే.

మన దేశంలో మత్తు పదార్థాల వాడకం మీద కేంద్ర ప్రభుత్వం అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వారితో పెద్ద సర్వే చేయించింది. 2019లో ఆ నివేదిక వచ్చింది. దాని ప్రకారం మద్యం లేనిదే ఉండలేని స్థితికి చేరినవారు దేశంలో సుమారు 2 కోట్ల 90 లక్షలమంది. వారిలో ఏదో ఒక సహాయం అందినవారు 38 మందికి ఒక్కరు. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవారు 180 మందికి ఒక్కరు. ఈ లెక్క ఒకసారి మీ వీధికి వేసి చూసుకోండి.

ఇంతకీ చేరినవాళ్లకు లోపల ఏం చేస్తారు? ఒక మనిషిని ఊహించుకుందాం. మన సరిహద్దు ఊరివాడు, నలభై ఏళ్లవాడు, మనలిలో కాంట్రాక్టు పని. పొద్దున లేవగానే చేతులు వణుకుతాయి. ఒక గుక్క పడితే గాని వణుకు ఆగదు. భార్య ఏడ్చి మొత్తుకుంటే ఒక రోజున బిడ్డల మీద ఒట్టు పెట్టి, "ఇక ముట్టను" అంటాడు. ఆ మాట నిజంగానే అంటాడు. కాని మూడో రోజుకు ఒళ్లంతా చెమటలు, నిద్ర లేదు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, ఎవరో పిలుస్తున్నారంటాడు. గాలి సోకిందని ఇంట్లోవాళ్లు భూతవైద్యుడి దగ్గరికి పరుగెత్తుతారు.

అది గాలి కాదు. ఏళ్ల తరబడి రోజూ మద్యానికి అలవాటు పడిన మెదడు, అది ఒక్కసారిగా ఆగిపోతే తట్టుకోలేదు. ఆపిన మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల మతిభ్రమ కలగవచ్చు. వైద్యం లేకపోతే ప్రాణమే పోవచ్చు. అందుకే చాలాకాలంగా బాగా తాగే మనిషిని ఇంట్లో గదిలో పెట్టి తలుపు వేసి మాన్పించబోవద్దు. ఈ ప్రసంగంలో ఇంకేది మరిచినా ఈ ఒక్కమాట మాత్రం మరవకండి.

ఆసుపత్రిలో మొదటి వారం పది రోజులు ఈ గండం దాటించడానికే. మెదడును శాంతపరిచే మందులు ఇచ్చి రోజురోజుకూ మోతాదు తగ్గించుకుంటూ వస్తారు. తాగేవారిలో బి1 విటమిన్ బాగా తగ్గిపోయి ఉంటుంది. దాన్ని ఇంజెక్షనుగా ఇస్తారు. కాలేయం, రక్తపోటు, చక్కెర చూస్తారు. నల్లమందు, బ్రౌన్ షుగర్ జాతి మత్తుకు అలవాటు పడినవారికి మందులు వేరు. గంజాయికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. దానికి నచ్చజెప్పి దారికి తేవడమే ముఖ్యమైన వైద్యం.

పదో రోజుకు మనిషి తేటపడతాడు. అన్నం సయిస్తుంది, నిద్ర పడుతుంది. "నాకు బాగైపోయింది, ఇంటికి పోదాం పద" అంటాడు. ఇంట్లోవాళ్లూ సంతోషించి తీసుకుపోతారు. పొరపాటు అక్కడే జరుగుతుంది. అప్పటికి శుభ్రపడింది ఒళ్లు మాత్రమే. అసలు వైద్యం ఆ తర్వాత మొదలవుతుంది.

మద్రాసులో ఈ పద్ధతికి దారి వేసిన సంస్థ ఒకటి ఉంది. శాంతి రంగనాథన్ గారి భర్త మద్యానికి బానిసై మరణించారు. ఆమె ఆ దుఃఖంతో కూర్చోక, ఈ వైద్యంలో విదేశంలో శిక్షణ పొంది వచ్చి, 1980లో భర్త పేరిట టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ స్థాపించారు. అడయారు ఇందిరానగర్‌లోని వారి ఆసుపత్రిని టి.టి.కె. ఆసుపత్రి అంటారు. 1992లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. తాగుడు దుర్గుణం కాదు, జబ్బు అన్న మాటను మన దక్షిణాదిలో ఇంటింటికీ చేర్చిన వారిలో ఆమె ముందు వరుసలో ఉంటారు.

ఇలాంటి చోట మందుల దశ తర్వాత మూడు నాలుగు వారాలు రోజుకొక పద్ధతి ప్రకారం నడుస్తుంది. వేళకు లేవడం, వేళకు తినడం, పదిమందితో కూర్చుని తన కథ తాను చెప్పుకోవడం. "నేనొక్కడినే ఇలా అయ్యాను" అనుకున్నవాడికి ఎదురుగా అదే కథ చెప్పే మనిషి ఇంకొకడు కనబడతాడు. ఏ వేళకు, ఎవరిని చూస్తే, ఏ దారిన పోతే తాగాలనిపిస్తుందో కాగితం మీద రాయిస్తారు. భార్యనూ తల్లిదండ్రులనూ కూడా పిలిచి కూర్చోబెడతారు. దాచిపెట్టడం, అప్పులు తీర్చడం, పనిచోట అబద్ధం చెప్పడం ప్రేమతో చేసినా జబ్బుకే సాయం చేస్తాయని వారికి విడమరచి చెబుతారు.

జనాభా సంగతి ముందు ఎందుకు చెప్పానో ఇప్పుడు చూడండి. ఈ వైద్యంలో సగం మాటలే. మాటలు ఏ భాషలో? మనలిలో ఇరవై ఏళ్లున్న తెలుగువాడు తమిళంలో బేరం చేస్తాడు, మేస్త్రీతో పోట్లాడుతాడు. కాని బిడ్డను కొట్టిన రాత్రి గురించి చెప్పాల్సి వస్తే గొంతు తెలుగులోకే తిరుగుతుంది. కాబట్టి చేర్పించే ముందు, తెలుగులో మాట్లాడే సలహాదారు ఉన్నారా అని అడగండి. అడగడం మీ హక్కు. ఒక ఊళ్లో ఎవరెవరు ఉన్నారో లెక్క తెలిస్తేనే అక్కడ ఏ భాషలో వైద్యం కావాలో, సాయంత్రం సభ ఏ షిఫ్టు తర్వాత పెట్టాలో తెలుస్తుంది.

ఇంకొక సంగతి. వైద్యం పేరుతో మనుషుల్ని కట్టేసి కొట్టే చోట్లు కూడా ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే జబ్బులకు కూడా వర్తిస్తుంది. గొలుసులతో కట్టడం ఆ చట్టం కింద నిషిద్ధం. కేంద్రం రిజిస్టరు అయి ఉండాలి. రిజిస్ట్రేషను కాగితం చూపమనండి. వైద్యుడు ఏ వేళకు వస్తాడో, మీరు ఎప్పుడు చూడడానికి రావచ్చో అడగండి. "నెల దాకా ఇటు రావద్దు" అన్నచోట మీ మనిషిని వదలకండి. అలాగే, తెలియకుండా కాఫీలో కలిపితే తాగుడు మానిపిస్తుందంటూ అమ్మే పొడులు కొనకండి. డైసల్ఫిరాం అనే మందు ఉంది. దాన్ని వేసుకుని తాగితే గుండె దడ, వాంతులు, ఒక్కోసారి ప్రాణాపాయం. రోగికి తెలిసి, అతని ఒప్పుదలతో, వైద్యుడు ఇవ్వాల్సిన మందు అది.

ఇక చివరి మెట్టు. నెల తర్వాత మనిషి అదే వీధికి, అదే షిఫ్టుకు, అదే స్నేహితుల దగ్గరికి వస్తాడు. మొదటి మూడు నెలలు చాలా కష్టం. జీతం రోజున తోడుగా ఎవరైనా వెళ్లి రావడం మంచిది. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడై మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సభలు ఇప్పుడు మన నగరాల్లోనూ జరుగుతున్నాయి. డబ్బు అడగరు, ఇంటిపేరు అడగరు. మళ్లీ ఒకసారి తాగాడని మనిషిని వదిలెయ్యకండి. చక్కెర జబ్బు మళ్లీ పెరిగితే ఆసుపత్రికి తీసుకుపోతాం కదా, ఇదీ అంతే. బ్రౌన్ షుగర్ వంటివాటి విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. కొంతకాలం మానిన ఒళ్లు పాత మోతాదును తట్టుకోలేదు, ప్రాణం పోతుంది.

ఊరంతా కలిసివస్తే పని సులువవుతుంది. తంజావూరు వైపు మంజక్కుడి గ్రామంలో టి.టి.కె. వారు 1989 నుంచి ఊళ్లోనే శిబిరాలు పెట్టి వైద్యం చేశారు. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. చట్టం వస్తుంది, పోతుంది. దుకాణం మూసినా తెరిచినా, అప్పటికే జబ్బుపడిన మనిషికి మాత్రం వైద్యం కావాలి. దుకాణం మూయించడానికి కదిలిన ఊరు, రోగిని ఆసుపత్రికి చేర్చడానికి కూడా కదలాలి.

దారి తెలియకపోతే రెండు ఫోను నంబర్లు రాసుకోండి. మత్తు మానడానికి సలహా కోసం జాతీయ సహాయ కేంద్రం 14446. మానసిక ఆరోగ్య సలహా కోసం టెలి మానస్ 14416. ఇందులో తెలుగులోనూ మాట్లాడవచ్చు. రెండూ ఉచితమే. చెన్నైలో కీళ్పాక్కం మానసిక ఆరోగ్య సంస్థ, బెంగుళూరులో నిమ్‌హాన్స్ ప్రభుత్వ ఆసుపత్రులు. మీ జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యుణ్ణి అడిగినా దారి చెబుతారు.

రేపు తెల్లవారుజామున రైలెక్కినప్పుడు మీ పెట్టెలో కిటికీ పక్కన చేతులు వణుకుతూ కూర్చున్న మనిషి కనబడవచ్చు. వేరే పక్కకు జరగకండి. "ఏమన్నా, ఒంట్లో బాగలేదా?" అని మన మాటలో అడగండి. 38 మందిలో రెండోవాడికి సాయం అందడం అక్కడ మొదలుకావచ్చు.